పందెమున గెలిచితిమి గాని...

సోదరీమణులారా! కంప్యూటరను మాట కంటబడగానే, "ఇది పిల్లల వ్యవహారము, మనకెందుకు?" అని పుట త్రిప్పివేయకుడు. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. ఇప్పుడు చెప్పబోవునది యంత్రమును గూర్చిన ముచ్చటయే యైనను, అందలి నష్టము మాత్రము ఇంటిదే.

మా యింట చాల ఏండ్ల నాటి కంప్యూటరొకటి కలదు. దానియందలి విండోస్ 10 అను వ్యవస్థకు అందరికిని ఉచితముగా వచ్చుచుండిన మరమ్మతులు 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిచిపోయినవి. దాని తరువాతి వ్యవస్థకు మా యంత్రము తగదట. చిల్లుపడని బిందెను పాతదైనదని పారవేయుటకు మాకు మనసొప్పలేదు. దీపావళి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, "అత్తయ్యా, దీనికి లినక్సు ఎక్కించుకుందాం, హాయిగా పనిచేస్తుంది" అనెను.

లినక్సనునది 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశమందు హెల్సింకీలో చదువుకొనుచుండిన లినస్ టోర్వాల్డ్స్ అను యువకుడు ఆరంభించినది. దానిని ఆధారముగా గొని ఎందరో ఎన్నో తీరుల వ్యవస్థలను కూర్చిరి. అందు ఆర్చ్ లినక్సనునది 2002లో కెనడావాసి యగు జడ్ వినెట్ ఆరంభించినది. కొన్ని వ్యవస్థలు సామానంతయు అమర్చిన అద్దె యిల్లు వంటివి. ఆర్చ్ అట్టిది కాదు. అది నాలుగు గోడలును, ఒక పొయ్యియు మాత్రమే గల ఇల్లు. కావలసిన సామాను మనమే తెచ్చుకొనవలెను. అందుచేతనే 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తి గల యంత్రమునందును అది నడచును. మూల వ్యవస్థకు రెండు గిగాబైట్ల చోటైనను పట్టదు. బొమ్మలుండవు, మీటలుండవు, నల్లని తెరపై తెల్లని అక్షరములు మాత్రమే. ప్రతి యాజ్ఞయు మనమే వ్రాయవలెను.

మొదటిసారి మాకు గంటన్నర పట్టినది. చిన్న యూఎస్‌బీ పుల్లనుండి యంత్రమును లేపుట. డిస్కును భాగములుగా విభజించుట. ఆ భాగమును అలికి ముగ్గువేసినట్లు సిద్ధపరచుట. పాక్‌స్ట్రాప్ అను ఆజ్ఞతో మూలసామగ్రిని దింపుట. ఆ క్రొత్త యింట అడుగిడి గడియారమునకు కోల్‌కతా కాలమును, యంత్రమునకొక పేరును, రహస్యపదమును ఏర్పరచుట. తుదకు గ్రబ్ అను ద్వారపాలకుని నిలుపుట. ఇదియే క్రమము. రెండవసారి నలువది నిమిషములు. నాలుగవసారికి ఇరువదియే. మాకు రుచి పుట్టినది. మేనల్లుడు తన యంత్రమును ప్రక్కన బెట్టుకొని, "పందెం వేద్దామా?" అనెను. వేసితిమి. ఓడినవారు మరునాడు ఇంటిల్లిపాదికిని గారెలు వండవలెను!

పాఠకురాండ్రు ఒక సంగతి గమనింపవలెను. మా యంత్రమున రెండు డిస్కులు గలవు. ఒకటి అభ్యాసమునకు విడిచినది. రెండవదానియందు ఛాయాచిత్రములును, 2014లో మా అత్తగారు పాడగా పట్టుకొన్న తొమ్మిది పాటలును ఉన్నవి. లాలిపాటలు, నలుగుపాటలు, అప్పగింతలపాట: ఆమెకు తన తల్లి నేర్పినవి. లినక్సు డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పెట్టును. ఆ పేర్లు శాశ్వతములు కావు. యంత్రము లేచునప్పుడు ఏది ముందు కనబడిన దానికి ఆ పేరు. నేటి ఏ రేపు బీ కావచ్చును. ఈ సంగతి మేము చదివియే యుంటిమి. డిస్కుల పరిమాణములను చూపు ఆజ్ఞయు తెలిసియే యుండెను. కాని దానికి కొన్ని క్షణములు పట్టును గదా!

పందెము సాగినది. మా వ్రేళ్లు కన్నులకంటె ముందు నడచినవి. "ఈ భాగమునందు పూర్వపు గుర్తు కలదు, తొలగింపవలెనా?" అని యంత్రమడిగెను. అభ్యాసమున ప్రతిసారియు అడిగిన ప్రశ్నయే అది. ప్రతిసారియు ఔనంటిమి, ఆనాడును ఔనంటిమి. పదునొకండు నిమిషములలో ముగించి యంత్రమును తిరిగి లేపితిమి. "అత్తయ్యా, గెలిచారు!" అని మేనల్లుడు చప్పట్లు చరచెను.

ఆనాడు యంత్రమునకు మేము పెట్టిన పేరు విజయ. తెరపై కనబడినది మాత్రము ముందునాడు పెట్టిన పేరు, అభ్యాస. మాకు ఒడలు చల్లబడినది. లేచినది నిన్నటి వ్యవస్థ. అట్లైన నేటిదెక్కడ కూర్చున్నది?

మేనల్లుడు వెంటనే యంత్రము నాపివేసెను. పోయిన దస్త్రములపై మరేమియు వ్రాయకున్నచో కొన్ని దక్కునట. తరువాత ఫోటోరెక్ అను సాధనముతో రెండు దినములు వెదకెను. చిత్రములు చాలవరకు వచ్చినవి, పేర్లు మాత్రము పోయి. పాటలు తొమ్మిదింట నాలుగు దొరకినవి. అందొకటి నడుమ తెగినది. అప్పగింతలపాట దొరకలేదు.

మూడవనాడు అత్తగారితో చెప్పితిమి. ఆమె బియ్యములో రాళ్లేరుచు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "పాట డబ్బాలో ఉందనుకున్నావా, అమ్మాయీ? కూర్చో, మళ్లీ పాడతాను" అనిరి. పాడిరి. పదునొకండేండ్ల క్రిందటి కంఠము కాదది. పైస్థాయి అందక రెండుచోట్ల ఆగిరి. ఒక చరణము జ్ఞప్తికి రాలేదు. ఆ చరణమిక ఎవ్వరికిని తెలియదు. మేము తల వంచుకొని వింటిమి. ఆనాటి మా గెలుపు వెల అది.

ఇప్పుడా యంత్రమున ఆర్చ్ చక్కగా నడచుచున్నది. ఈసారి దానిని నెక్కించుటకు ఒక పూట పట్టినది. ముందుగా రెండవ డిస్కు తీగను ఊడదీసితిమి. డిస్కును పేరుతో గాక పరిమాణముతో గుర్తించితిమి. ప్రతి ప్రశ్నను రెండుమారులు చదివి జవాబిచ్చితిమి. ఇప్పుడు అత్తగారి పాటలు ఇంట నొకచోటను, మా ఆడపడుచు యింట నొకచోటను ఉన్నవి.

సోదరీమణులారా! క్రొత్త విద్య నేర్వవలదని మేము చెప్పుట లేదు. తప్పక నేర్వుడు, అందు ఆనందము కలదు. కాని మీ యిండ్లలో పెద్దల పాటయో, మాటయో ఒక్క పెట్టెలోనే దాగియున్నచో, నేటి పొయ్యి ఆర్పిన పిదప దానికొక ప్రతి చేసి వేరొక యింట నుంచుడు. పందెములు రేపైనను వేసికొనవచ్చును.

గారెలా? మేనల్లుడు ఓడితినని వండబోయెను. మేము వలదని మేమే వండితిమి.