ఖాళీ జాగా

షోలాపూర్ అనగానే మీలో చాలామందికి దుప్పటి గుర్తుకు వస్తుంది. న్యాయమే. ఊరు చూడవచ్చిన చుట్టాలు "ఇక్కడ చెట్టూ చేమా ఎక్కడయినా ఉందా?" అని అడిగితే సిద్ధేశ్వరాలయం చుట్టూ ఉన్న చెరువు చూపిస్తాం. ఓపిక ఉన్నవారిని బట్టమేక పిట్టల కోసం 1979లో ఏర్పరచిన నాన్నజ్ అభయారణ్యానికి తీసుకువెళ్తాం. ఇప్పుడు ఆ పిట్ట కంటపడడమే అరుదు. మా నేతవాడల్లోనూ పచ్చదనం ఉందని నాకు తెలిసిరావడానికి మాత్రం ఒక ముసలమ్మ చేత మాట పడవలసి వచ్చింది.

భద్రావతి పేట, సాఖర్ పేట, దత్తనగర్ వంటి వాడల్లో మనవాళ్ళే ఎక్కువ. తాతముత్తాతల నాడు తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలీలు. 1870లలో నూలు మిల్లు వెలిసింది మొదలు ఈ ఊరు నేతకు నెలవయింది. ఇక్కడ కార్ఖానాలోనే ఇల్లు, ఇంట్లోనే కార్ఖానా. కింద మరమగ్గాల చప్పుడు, పైన సంసారం. ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఎండాకాలం వేడి 40 డిగ్రీలు దాటుతుంది. తాగునీరు వందకు పైగా కిలోమీటర్ల దూరాన ఉన్న ఉజని జలాశయం నుంచి రావాలి. ఏళ్ళ తరబడి కుళాయి రోజూ వచ్చేది కాదు. అటువంటి చోట మొక్క పెంచడం అంటే బిందె నీళ్ళలో వాటా ఇవ్వడమే.

1996లో నేను ఈ ఊరి శాఖలోనే చిన్న అధికారిని. మా వీధిలోని పెద్దమ్మ కొడుకు మరో 4 మగ్గాలకు అప్పు కోరాడు. చుట్టరికం లేదు గానీ చిన్ననాటి నుంచి ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాణ్ణి. తనిఖీకి వెళ్ళి పెరడు కొలిచాను. పొడవు 20 అడుగులు, వెడల్పు 15. "ఇంటి వెనుక నిరుపయోగంగా ఉన్న ఖాళీ స్థలం కలదు" అని నివేదికలో రాశాను. ఆ స్థలంలో ఒక వేపచెట్టు, ఒక మునగ, గోడ వారగా గునుగు మొక్కలు ఉన్నాయి. బి.కాం.లో మాకు నేర్పిన ఆస్తి అప్పుల పట్టీలో వాటికి గడి లేదు మరి! అప్పు మంజూరయింది. చెట్లు పోయాయి, షెడ్డు లేచింది.

ఆ సంవత్సరం బతుకమ్మ పండుగకు మా అమ్మతో కలసి వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ బజారులో కొన్న బంతిపూలతో బతుకమ్మను పేరుస్తోంది. నన్ను చూసి, "బిడ్డా, ఖాళీ జాగ అని రాసినవంట. గంత పెద్ద యాపచెట్టు నీ కండ్లకు ఆనలేదా?" అంది. కోపంగా అనలేదు. అందుకే మరింత బాధ కలిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఏ పల్లెకు తనిఖీకి వెళ్ళినా స్కూటరు మీద ఒక సంచి చేనుమట్టి తెచ్చేవాణ్ణి. పెద్దమ్మ షెడ్డు స్లాబు మీద పాత నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు వరుసగా పెట్టి అడుగున చిల్లులు కొట్టింది. జొన్నచేల గట్ల మీద గునుగు దొరికేది. మరాఠీ రైతులు దాన్ని కుర్డు అంటారు. మనం బతుకమ్మలో పేర్చే పువ్వు వారికి కలుపు మొక్క, లేతాకు కూర. తరవడ్ అన్నా మన తంగేడే! బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పోసేవారు. తేమ ఆరిపోకుండా డబ్బాల్లో వేస్టు నూలు పరిచేవారు. పండుగయ్యాక బతుకమ్మను ఇంటి ముందున్న నీళ్ళ తొట్టిలోనే ఓలలాడించి, ఆ నీళ్ళు డబ్బాలకే పోసేవారు. ఎండిన గునుగు కంకులు దులిపితే నల్లగా మెరిసే సన్నని గింజలు రాలేవి. పెద్దమ్మ వాటిని గుడ్డలో మూటగట్టి దేవుడి గూట్లో దాచేది.

బదిలీల మీద ఎన్నో ఊళ్ళు తిరిగి, పదవీ విరమణకు దగ్గరలో మళ్ళీ ఇక్కడికే వచ్చాను. పెద్దమ్మ లేదు. అప్పు ఎప్పుడో తీరిపోయింది. గిరాకీ తగ్గి నాలుగు మగ్గాల్లో రెండు పాత ఇనుముకు పోయాయి. మేడమీద డబ్బాలు మాత్రం అలాగే ఉన్నాయి. కోడలు గునుగుతో పాటు పుదీనా, మెంతికూర పెంచుతోంది. వెనుక మురికికాలువ పక్కన, గోడ సందులో ఒక వేపమొక్క దానంతటదే మొలిచింది. ఏ కాకి వేసిన గింజో! కొడుకు దాన్ని పీకలేదు. గాలికి ఒరగకుండా దుప్పటి అంచు పేలికతో ఇనుప కమ్మీకి కట్టాడు. "గోడకు పగులు వస్తుందేమో" అన్నాను. "వస్తే గోడ మళ్ళీ కట్టుకోవచ్చులే, అన్నా" అన్నాడు. తలవంచుకున్నాను.

సూరత్, భివండి, ముంబయి ఇళ్ళలో ఉన్న సోదరీమణులకు ఒక మనవి. "మాకు జాగా ఎక్కడిది?" అనకండి. ఎండ తగిలే చోట ఒక డబ్బా చాలు. మృగశిర కార్తెలో గునుగు గింజలు చల్లి పైన పలుచగా మట్టి కప్పండి. దసరా నాటికి పూస్తుంది. గింజలు మాత్రం మరుసటి ఏటికి దాచడం మరవకండి. ఎవరికయినా కావాలంటే మా వీధికి రండి. కోడలమ్మ పొట్లం కట్టి ఇస్తుంది, టీ కూడా ఇస్తుంది.