తీగకు గుచ్చిన కార్డు

మేమిద్దరం అక్కాతమ్ముళ్లం. ఈ నాలుగు మాటలు కలిసి రాస్తున్నాం. విడివిడిగా రాస్తే తప్పును ఒకరి మీదికి ఒకరం నెట్టుకుంటామేమోనని భయం. అందుకే మా ఇద్దరి తరఫునా ‘మేము’ అనే రాస్తున్నాం.

నెల్లూరు జిల్లాలో కావలికి పడమటగా ఒక చిన్న పల్లె మాది. నాయన కూలికి పోయేవాడు. అమ్మ నాట్లకూ కోతలకూ పోయేది. అమ్మకు అక్షరం ముక్క రాదు. బడిలో పంతులుగారు ఇసుకలో వేలు పట్టి దిద్దించి, తరువాత పలకా బలపం చేతికిచ్చి మాకు అక్షరాలు నేర్పారు. చదవడం మాత్రం అమ్మ దగ్గర నేర్చుకున్నాం.

అది ఎట్లాగంటే, రాత్రి తిండి అయిన తరువాత అమ్మ ట్రంకుపెట్టెలోంచి గుడ్డలో చుట్టిన పరిశుద్ధ గ్రంథం తీసేది. లాంతరు వత్తి పెంచేది. ఒకరోజు ఒకరం, మరునాడు ఇంకొకరం, ఒక అధ్యాయం బిగ్గరగా చదవాలి. అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ వినేది. నిద్ర ముంచుకొస్తుంటే మేము వచనాలు దాటవేయాలని చూసేవాళ్లం. అమ్మ చేతిలో చేట ఆగిపోయేది. ‘ఒక మాట ఎగరగొట్టినావే అబ్బయా’ అనేది.

మత్తయి సువార్త మొదటి అధ్యాయం మాకు పెద్ద గండం. అందులో పేర్ల వరసలు మూడు, ఒక్కొక్క వరసకు పద్నాలుగు తరాలు. అమ్మ వేలి కణుపుల మీద లెక్కపెట్టేది. మేము ఒక పేరు మింగితే ‘పద్నాలుగు రాలేదే’ అని మళ్లీ మొదటికి తెచ్చేది. మూడో వరసలో పేర్లు ఎట్లా లెక్కపెట్టినా పదమూడే వస్తాయి. అందులో మా తప్పేమీ లేదు. కావలసినవారు ఇప్పుడే తీసి చూసుకోవచ్చు. అయినా ఆ వరస మాత్రం మా చేత రెండుసార్లు చదివించకుండా ఆమె ఎప్పుడూ వదల్లేదు.

ఇక మిగతా చదువంతా దొరికిన కాగితాల మీదే. కొట్లో బెల్లం కట్టి ఇచ్చిన పత్రిక ముక్కలు సాపు చేసి చదివేవాళ్లం. సగం హత్య, సగం పెళ్లి, సగం ధరల పట్టిక. చివర ఏమైందో ఎప్పటికీ తెలియదు. పంతులుగారి ఇంట్లో పాత చందమామలు ఉండేవి. 1947లో మద్రాసులో మొదలైన ఆ పత్రిక అచ్చు ఆగిపోయి ఇప్పటికి పదేళ్లు దాటింది గానీ, చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు బొమ్మ మాకు ఇంకా కళ్లముందే ఉంది. చేతులు కడుక్కుని వస్తేనే పుస్తకం ఇచ్చేవారాయన.

మాకు పదేళ్లూ పన్నెండేళ్లూ వచ్చేసరికి పల్లెకు వచ్చే ఉత్తరాలన్నీ మా చేతిలోకి వచ్చాయి. వేరే ఊళ్లో పనికి పోయిన కొడుకు ఏం రాశాడో, అత్తగారింటి నుంచి కూతురు ఏం రాయించిందో మేము చదివితేనే ఆ తల్లులకు తెలియాలి. చదివినందుకు పిడికెడు వేరుశనక్కాయలు ఇచ్చేవారు. మా కంటే నాలుగింతల వయసున్నవాళ్లు నేల మీద కూర్చుని మా నోటివంక చూసేవారు. గర్వం వచ్చిందంటే వచ్చింది.

1973 డిసెంబరులో, ఒక గురువారం, అమ్మ పేర ఒక పోస్టుకార్డు వచ్చింది. అమ్మ పుట్టిల్లు కలిగిరి దాటిన తరువాత లోపలికి ఉన్న పల్లె. మామకు కూడా చదువు రాదు. ఆ పల్లెలో ఒక పెద్దాయన అందరికీ ఉత్తరాలు రాసిపెట్టేవాడు. కార్డులో నాలుగే వాక్యాలు. అమ్మమ్మకు పది రోజుల నుంచి జ్వరం. జ్వరం తగ్గలేదు. నిన్ను అడుగుతూ ఉంది. వెంటనే బయలుదేరి రావలసింది.

ఆ శనివారం కావలిలో సండేస్కూలు పిల్లలకు బిగ్గరగా చదివే పోటీ ఉంది. నెల రోజుల నుంచి మేము దానికే సాధన చేస్తున్నాం. అమ్మ పుట్టింటికి పోతే మేకలనూ చంటి తమ్ముణ్నీ చూసుకుంటూ మేము ఇంట్లో ఉండిపోవాలి.

జ్వరం తగ్గింది అని చదివాం. తీరిక చూసుకుని రావలసింది అని చదివాం. ‘తగ్గలేదు’కు ‘తగ్గింది’. మార్చి చదివిన నోరు ఒకరిది, పక్కన నిలబడి తల ఊపినది ఇంకొకరు. ఎవరు ఏదో ఇక్కడ రాయం. అమ్మ ‘దేవుడికి స్తోత్రం’ అని కార్డు తీసుకుని, దూలానికి వేలాడే ఉత్తరాల తీగకు గుచ్చింది. ఆమెకు కంఠతా వచ్చిన పుస్తకంలో ఒక్క పేరు దొంగిలించలేకపోయినవాళ్లం, ఆమెకు తెలియని కార్డులో అంత పెద్ద దొంగతనం సులువుగా చేశాం.

పోటీలో గెలిచాం. బహుమతిగా యాత్రికుని ప్రయాణం పుస్తకం ఇచ్చారు. ఆదివారం పొద్దుగూకాక కలిగిరి వైపు నుంచి కబురు తెచ్చిన మనిషి వచ్చాడు. అమ్మ సోమవారం మధ్యాహ్నానికి చేరింది. అప్పటికే మట్టి చేసేశారు.

రమ్మని రాయిస్తే రాలేదేమని మామ అడిగాడట. తగ్గిందని రాయిస్తివి గదా అని అమ్మ అన్నదట. తప్పు చివరికి కార్డు రాసిన పెద్దాయన మీద పడింది. తాను సరిగానే రాశానని ఆయన ఎంత చెప్పినా మామ నమ్మలేదు. పల్లెలో ఆయన చేత ఉత్తరాలు రాయించుకోవడం మానేశారు. సాక్ష్యం మా ఇంట్లో తీగ మీదే ఉంది. దాన్ని తీసి చదవగలిగినవాళ్లం మా ఇంట్లో మేమిద్దరమే.

ఆ బహుమతి పుస్తకం చదివాం. జాన్ బన్యన్ అనే ఆయన రాసిన ఆ కథ మొదటి భాగం 1678లో అచ్చయింది. అందులో యాత్రికుడి వీపు మీద ఒక మూట ఉంటుంది. కథ ఎంతో బాగుంది. బాగుండడమే మాకు కష్టమైంది.

తరువాత సంవత్సరాలు త్వరగా జరిగిపోయాయి. చదువు మానలేదు. కావలిలో కాలేజీ చదువు, గ్రంథాలయంలో సాయంత్రాలు. గుర్రం జాషువా గబ్బిలం చదివిన రోజు ఇద్దరం అన్నం తినలేదు. మన గుడిసెల్లో పుట్టినవాడి బాధ ఇంత గొప్ప పద్యం అవుతుందని అంతకుముందు మాకు ఎవరూ చెప్పలేదు. మాలో పెద్దది పల్లెటూరి బడిలో టీచరయింది. చిన్నవాడు తపాలా ఉద్యోగంలో చేరాడు. చదువు రానివారికి ఉత్తరం చదివి పెట్టవలసి వస్తే అక్షరం పొల్లు పోకుండా చదివేవాడు. ఎందుకంత నిదానమని జనం విసుక్కునేవారు.

1990, 91 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రిపూట వీధి దీపాల కింద బళ్లు నడిచాయి. పదిహేను నుంచి ముప్పయి అయిదేళ్లవారి కోసమని పెట్టిన చదువది. అమ్మకు అప్పటికే యాభై దాటింది. వెనక వరసలో కూర్చుంటానంటే ఎవరూ కాదనలేదు. ఆ వాచకాల్లో సారా వల్ల పాడైన సీతమ్మ సంసారం కథ ఉండేది. కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్లు సారాకు అడ్డం తిరగడానికి ఆ చదువు కూడా ఒక కారణమని అందరికీ తెలిసిందే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిలిచిపోయింది. అమ్మ అదంతా చెప్పుకుని మురిసేది. మాకు మాత్రం, ఆమె ఒక్కొక్క అక్షరం గుర్తుపడుతున్న కొద్దీ దూలం వైపు చూడాలంటే భయం పట్టుకుంది.

మొదట బస్సు బోర్డులు చదివింది. సబ్బు కాగితాలు చదివింది. మా టీచరమ్మ సెలవులకు వచ్చినప్పుడల్లా అచ్చక్షరాలే చదువు, చేతిరాత కష్టం అని చెబుతూ వచ్చింది. కార్డును తీసి దాచేద్దామా అని కూడా ఒకసారి అనుకున్నాం. స్టూలు ఎక్కి, దిగాం.

1991 క్రిస్మసుకు ఇద్దరం ఇంటికి వచ్చాం. భోజనాలయ్యాక అమ్మ తీగ దించింది. కార్డులన్నీ ఒళ్లో వేసుకుంది. ‘ఇన్నేళ్లూ మీరు చదివినారు, నేను విన్నాను. ఈ పొద్దు నేను చదువుతా. మీరు వినండి, తప్పుంటే చెప్పండి’ అంది.

మూడో నాలుగో కార్డు అది. సిరా వెలిసి గోధుమరంగుకు తిరిగింది. అక్షరం కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. జ్వరం దగ్గర ఆగింది. తరువాతి మాట రెండుసార్లు చదువుకుంది. దీపం దగ్గరికి తీసుకుపోయి మళ్లీ చూసింది.

‘ఇది తగ్గింది గదా పాపా? నాకు తగ్గలేదు అని కనబడతా ఉందే. నా చదువు తప్పా?’

తప్పేనమ్మా అంటే నమ్మేది. మేము చదువుకున్నవాళ్లం, ఆమె మొన్న అక్షరాలు నేర్చుకున్నది. చాలాసేపు మా నోట మాట రాలేదు.

‘నీ చదువు తప్పు కాదమ్మా. అప్పుడు మేమే తప్పు చదివాం’ అన్నాం. శనివారం సంగతీ, పోటీ సంగతీ కూడా చెప్పాం.

అమ్మ ఏమీ అనలేదు. ఏడవలేదు కూడా. తెల్లవారి మొదటి బస్సుకు కార్డు తీసుకుని ఒక్కతే పుట్టింటి పల్లెకు పోయింది. ఉత్తరాలు రాసే ఆ పెద్దాయన పోయి అప్పటికి ఏడేళ్లు. ఆయన భార్య ఉంది. అరుగు మీద ఆమె పక్కన కూర్చుని, చుట్టుపక్కలవాళ్లను పిలిచి, అమ్మ ఆ కార్డు బిగ్గరగా చదివిందట. మామను కూడా పిలిపించి మళ్లీ చదివిందట. సాయంత్రం తిరిగి వచ్చి మాతో ఒకటే మాట అంది. ‘మీరు పోవలసింది మీకు ఉంది.’

పోయాం. ఆ తల్లి మా మాట విని తల వంచుకుంది. మామ మంచినీళ్లు ఇచ్చాడు గానీ మాట్లాడలేదు. మాట్లాడడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఆ రాత్రి నుంచి కుటుంబ ప్రార్థనలో అధ్యాయం అమ్మే చదువుకుంది. ఒక్కొక్క అధ్యాయానికి గంట పట్టినా మా చేతికి పుస్తకం ఇవ్వలేదు. మేమూ అడగలేదు. మేము ఎదురుగా కూర్చుని విన్నాం. ఇరవై ఏళ్లు అట్లాగే గడిచింది.

2011లో అమ్మకు చూపు బాగా మందగించింది. ఒక రాత్రి గ్రంథం గుడ్డ విప్పి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, పుస్తకం మావైపు జరిపింది. ‘మత్తయి తీయండి, మొదటి అధ్యాయం’ అంది.

ఇద్దరం చెరిసగం చదివాం. నిదానంగా, ఒక్క పేరు వదలకుండా చదివాం. అమ్మ కళ్లు మూసుకుని వేలి కణుపుల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది. మూడో వరస అయ్యాక బొటనవేలు ఒక కణుపు ముందే ఆగిపోయింది.

‘పద్నాలుగు రాలేదే. మళ్లీ చదవండి’ అంది.