కొలిమి జవాబిచ్చేదాకా

ముందు గుర్తొచ్చేది వాసనే. సోల్డరింగ్ చేసేటప్పుడు లేచే ఫ్లక్సు పొగ, కొత్త కొలిమిని మొదటిసారి వేడెక్కిస్తే ఇటుకలోంచి వచ్చే తడిమట్టి వాసన, చార్టు రికార్డరు పెన్నులో ఎండిపోతున్న ఎర్ర సిరా. తిరువూరులో బస్సెక్కి మైలవరం మీదుగా బెజవాడ, అక్కణ్ణుంచి రైల్లో హైదరాబాదు చేరి, ఓ ప్రయోగశాలలో కొలిముల దగ్గరే ఉద్యోగం వెళ్లదీసినవాణ్ణి. మా మామిడితోటలో ఏ చెట్టు చిన్నరసమో మరిచిపోయాను గానీ, ఏ కొలిమి ఎన్ని డిగ్రీల దగ్గర మొండికేసేదో ఇప్పటికీ చెప్పగలను.

హైదరాబాదులో ఈసీఐఎల్ 1967లోనే మొదలైంది, కంప్యూటర్లూ తయారుచేసింది. అయినా మా గదికి కంప్యూటరు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతదాకా చార్టు కాగితం చుట్ట, లాగ్ బుక్కు, అరగంటకోసారి లేచి అంకె రాసే మనిషి. ఆ పుస్తకాల మార్జిన్లలో రకరకాల దస్తూరీలు: కరెంటు పోయింది, వచ్చింది, టీ ఇంకా రాలేదు. రాత్రి రేటు తగ్గాక తిరువూరు ఎస్టీడీ బూతు నుంచి అమ్మ ఫోన్ చేసేది. మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెడుతుంటే మాటలు మింగుతూ మాట్లాడేది, ఇవతల నేను మరో పెట్టె మీది ఎర్ర అంకెలు చూస్తూ ఊకొట్టేవాణ్ణి.

కంప్యూటరొచ్చాక కొలిముల వేడిని అదుపుచేసే కంట్రోలర్లన్నీ ఒకే జంట తీగ మీద వరసగా చేరాయి. ఆర్‌ఎస్-485 అన్నారు దాన్ని. మాట్లాడే పద్ధతి మోడ్‌బస్, 1979 నాటిది. బళ్లో పంతులుగారు హాజరు పిలిచినట్టు కంప్యూటరు ఒక్కో నంబరునూ పిలవాలి, పిలిచినవాడే పలకాలి, మిగతావాళ్లు నోరెత్తకూడదు. 9600 బాడ్ వేగం దగ్గర ఒక్క అక్షరానికి ఇంచుమించు ఒక మిల్లీసెకను. ఒక అంకె అడగడానికి 8 బైట్లు, జవాబుకు 7. తీగ మీద పోయే కాలం ఏపాటి? ఆలస్యమంతా మరోచోట ఉండేది: ఉష్ణోగ్రతకొక ప్రశ్న, ఉండాల్సిన వేడికి, అంటే సెట్ పాయింటుకు, ఒకటి, పవరుకొకటి, ప్రతి ప్రశ్న వెనకా ఎవరో భయంకొద్దీ పెట్టిన విరామం, పైగా ఒక కంట్రోలరు ఆపేసి ఉంటే దాని గడువు తీరేదాకా వరసంతా నిలబడిపోవడం. తర్వాత వచ్చిన కుర్రాళ్లు కంట్రోలరు అంకెలు దాచుకునే పక్కపక్క రిజిస్టర్లను ఒకే ప్రశ్నలో అడిగారు, మోడ్‌బస్‌లో ఒక్కసారికి 125 దాకా అడగొచ్చు. మారని సెట్ పాయింటును మాటిమాటికీ అడగడం మానేశారు. పలకనివాణ్ణి పక్కనబెట్టి అప్పుడప్పుడు మాత్రం పలకరించారు. బాడ్ రేటు చిట్టచివర పెంచారు. ఆ వరసే సరైనది. చాలామంది ముందు బాడ్ రేటు మీదే పడతారు.

ఆ రోజులు గొప్పవేం కావు. రాత్రి రెండుగంటల అంకె నాలుగింటికి కూర్చుని రాశారని దస్తూరీయే చెప్పేది. వేడి కొలిచే థర్మోకపుల్ తెగిన సంగతి తెల్లారాక గానీ తెలియని రాత్రులున్నాయి. ఇప్పుడు ఫోనుకే అలారం వస్తుంది, ఎవరూ నిద్ర మానుకోనక్కర్లేదు, మంచిదే. కాకపోతే, కంప్యూటరు నెమ్మదిగా అడిగిన రోజుల్లో జవాబుకూ జవాబుకూ మధ్య చూపు తెర మీంచి మరలి కొలిమి మీద పడేది. కాంటాక్టరు టక్కుమని పడటం, ట్రాన్స్‌ఫార్మరు రొద, చూపురంధ్రంలో ఎరుపు మెల్లగా నారింజలోకి తిరగడం. ఆ రంగు చూసి 900 దాటిందని చెప్పగల పెద్దాయన ఒకరుండేవారు, చాలాసార్లు మీటరు ఆయనతో ఏకీభవించేది. కాంటాక్టర్ల స్థానంలో చప్పుడు లేని సాలిడ్ స్టేట్ రిలేలు వచ్చాయి. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు, రావలసిన అవసరమూ లేదనుకుంటాను.

కొలిమికి మాత్రం అంకెలు అడిగే ఈ తొందర ఇంకా అంటలేదు. సెకనుకు పదిసార్లు అడిగినా, అల్యూమినా గొట్టం పగలకుండా ఉండాలంటే నిమిషానికి అయిదు డిగ్రీలకు మించకుండానే వేడి దించాలి. సాయంత్రం వెయ్యి డిగ్రీల దగ్గర ఆపిన కొలిమిని తెరిచేది ఇప్పటికీ మర్నాడు పొద్దున్నే.