సంచి మీది ముద్ర

మా అక్కయ్యది పరకాల దాపున ఒక పల్లెటూరు. ఆ యింటి నడవలో, దేవుని పటముల గూటికి ఎదురుగా, బల్లమీద ఒక పాత టెలివిజనును, దాని క్రింద ఎఱ్ఱ అంచు చేతిగుడ్డ కప్పుకొని ఒక డీవీడీ ప్లేయరును చిరకాలముగా కాపురమున్నవి. అమెరికాలో నున్న నా మేనల్లుడు తన కుమారుని అక్షరాభ్యాసమును ఫోనుతో వీడియో తీసి, సెలవులకు వచ్చిన స్నేహితునిచేత పెన్ డ్రైవులో పంపించగా, దానిని ప్లేయరు ముంగలి రంధ్రములో పెట్టి, వాడకట్టులోని అమ్మలక్కలనెల్ల పిలిచి కూర్చుండబెట్టి, ముచ్చటగా మీట నొక్కిన మా అక్కయ్యకు మనుమడు కనబడలేదు. మేనల్లుడు ఆ ఫైలునకు పెట్టిన తెలుగు పేరు స్థానమున నాలుగైదు చదరపు గడులును, వాని క్రింద ‘అన్‌సపోర్టెడ్’ అను ఇంగ్లీషు మాటయు మాత్రము కనబడినవి. “తమ్మీ, డబ్బ కరాబైందా, పోరడు పంపింది కరాబైందా?” అని ఆమె ఫోనులో అడిగిన ప్రశ్నకు నాకు వెంటనే సమాధానము తోచలేదు.

కంప్యూటరు ముందు కూర్చుండియే ఉద్యోగము వెళ్ళబుచ్చినవాడను గనుక, ఇదెంత పని యనుకొని, ఒక ఖాళీ డీవీడీ కొని తెచ్చి, ఫైలును ఉన్నదున్నట్లు దానిపై ఎక్కించి, బస్సెక్కి పల్లెకు పోయి ప్లేయరులో పెట్టితిని. ఈ మారు చదరపు గడులైనను రాలేదు. చక్రము రెండు మూడు తడవలు గిఱ్ఱున తిరిగి నిలిచిపోయెను. తెర ‘నో డిస్క్’ అని తేల్చి చెప్పెను. మబ్బు కమ్మియున్న ఒక శ్రావణ సోమవారము ఉదయము, ప్లేయరును చేతిసంచిలో పెట్టుకొని నేను హనుమకొండకు బయలుదేరుటకు ఇదియే హేతువు.

1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడికి పోవువారును, కాజీపేటలో రైలు దిగి వచ్చువారును, ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా 1959లో పుట్టి 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా మారిన విద్యాలయపు విద్యార్థులును, హనుమకొండ చౌరస్తాలో ఎప్పుడో ఒకప్పుడు ఒరసికొని పోవలసినవారే. ఆ చుట్టుపట్ల సందులలో నా యెరుకలోనే క్యాసెట్ల అంగళ్ళు పోయి వీసీడీల అంగళ్ళు వచ్చినవి, అవియు పోయి సెల్‌ఫోను కవర్ల అంగళ్ళు వచ్చినవి. నేను వెదకి పోయిన దుకాణము మాత్రము ఈ మూడు యుగములను దాటి, ఒక ఇరుకు సందులో మూడు మెట్ల మీద, ఒంటిగదిగా నిలిచియున్నది. లోపల అద్దాల బీరువాలో రంగు వెలసిన సినిమా కవర్లు. పైన తోరణమువలె వ్రేలాడుచున్న పాత రిమోట్లు. బల్లమీద సోల్డరింగు కడ్డీ, స్పిరిటు సీసా, చెవిపుల్లలు, ఒక బిస్కత్తుల డబ్బా నిండ సన్నని రబ్బరు బెల్టులు. గోడమీద ‘కొత్త సినిమాలు కాపీ చేయబడవు’ అను చేతివ్రాత పలక. యజమాని యేబదేండ్ల మనిషి. కళ్ళజోడు నొసటి మీదికి నెట్టి, ఎదుట మూత విప్పియున్న ఒక ప్లేయరును చూచుచు, నా వైపు తిరుగకయే “కూసోండ్రి సార్, అయిపోతది” అనెను.

ఇన్నేండ్లుగా ఇంటింట తిరిగిన యంత్రము కడుపులో నేమున్నదో నేను మొదటిసారి చూచినది ఆ నాడే. చక్రమును మోయు పళ్ళెరము క్రింద, రెండు ఇనుప కడ్డీలపై జారు చిన్న బండి. ఆ బండి నెత్తిన శనగబద్ద పాటి గాజు కన్ను. మీట నొక్కగానే ఆ కన్ను నీటిపైకి వచ్చిన చేప నోటివలె రెండు మార్లు పైకిని క్రిందికిని ఆడి, పలుచని ఎఱ్ఱని వెలుగు నొకదానిని చిమ్మెను. “దాంట్లకు తిన్నగ సూడకుండ్రి సార్, పక్కకెంచి సూడుండ్రి” అని అతడు హెచ్చరించెను. డీవీడీని చదువు లేజరు 650 నానోమీటర్లది గనుక అది ఎఱ్ఱగా కానవచ్చును. సీడీని చదువు 780 నానోమీటర్ల కిరణము మన కంటికి ఆనీ ఆనదు. సీడీలో గాడికిని గాడికిని నడుమ నెడము 1.6 మైక్రోమీటర్లు, అనగా మిల్లీమీటరును వేయి భాగములు చేసిన అందులో ఒకటిన్నర భాగము పైచిలుకు. డీవీడీలో అది 0.74 మాత్రమే. కన్ను పైకి క్రిందికి ఆడుట, ఎదుట నున్నది ఏ జాతి చక్రమో తడవి తెలిసికొనుట కొఱకు కూడ. దుమ్ము పట్టిన ఆ కంటిని చెవిపుల్లతో ఒక్కసారి తుడిచి, పనివాడైన కుఱ్ఱడు “బెల్టు గూడ సాగింది అన్నా” అనగా దానినియు మార్పించి, అప్పుడతడు నా సంచి వైపు చేయి చాచెను.

నేను తెచ్చిన చక్రమును కంప్యూటరులో పెట్టి చూచి అతడు నవ్వెను. “డిస్కు కొట్టిండ్రు గని మూయలే సార్. అడ్రసు రాయకుంట ఉత్తరం పోస్టు డబ్బల ఏసినట్టు.” వ్రాత ముగిసిన పిమ్మట చక్రమునకు ముగింపు ముద్ర వేయనిచో, వ్రాసిన కంప్యూటరు దానిని చదువగలిగినను ఇంటి ప్లేయరు చదువలేదని నాకు తెలియదాయెను. తరువాత మూల ఫైలును మీడియా ఇన్ఫో అను సాధనములో విప్పి, తెరపై వ్రేలుంచి, “పేరు ఎంపీఫోర్ అని ఉన్నది గదా. అది వట్టి సంచి సార్. ఎనుమాముల మార్కెట్ల సంచి మీది ముద్ర సూసి మిర్చి కొంటరా? చెయ్యి పెట్టి సూస్తరు” అనెను.

ఈ వ్యవహారమంతయు ఆ యొక్క మాటలో నున్నది. ఎంపీ4 యనునది గాని, 1992లో మైక్రోసాఫ్టు సంస్థ తెచ్చిన ఏవీఐ యనునది గాని, బొమ్మను శబ్దమును కలిపి కట్టు సంచి మాత్రమే. లోపలి సరుకు ఏ పద్ధతిని కుదించబడినదో పేరు చెప్పదు. మా మేనల్లుని సంచిలో నున్నది 2013లో ప్రమాణముగా వెలువడిన హెచ్.265 సరుకు. అక్కయ్య ప్లేయరు దానికంటె వయసున ఎంతయో పెద్దది. అది చదువుకొన్న భాషలు మూడే. మొదటిది ఫిలిప్స్, సోనీ మొదలగు సంస్థలు 1993లో వీసీడీకి విధించిన ఎంపెగ్-1. రెండవది 1996లో జపానులో అంగడికి వచ్చిన డీవీడీ యొక్క ఎంపెగ్-2. మూడవది, 1990ల చివర జెరోమ్ రోటా అను ఫ్రెంచి యువకుడు మైక్రోసాఫ్టు వారి ఎంపెగ్-4 సాధనమును తన చిత్తము వచ్చినట్లు మార్చి లోకము మీదికి వదలగా, డివ్‌ఎక్స్ అను పేరున ప్రసిద్ధి కెక్కినది. సినిమా మొత్తమును ఒక్క సీడీలో ఇమిడించిన ఆ మూడవ భాషను తయారీదారులు చిప్పులకు నేర్పి, ప్లేయర్ల ముఖమున ముద్ర వేసి అమ్మిరి. అక్కయ్య ప్లేయరుకును ఆ ముద్ర కలదు. దానిని చూచియే మేనల్లుడు ఏ వీడియోయైనను ఆడునని భ్రమపడెను. ముద్రను నమ్ముటలో మామ అల్లుళ్ళము ఒక్కరినొక్కరము మించినవారము కాము.

“అమెరికా డిస్కులు మన దగ్గర ఆడవందురు గదా, ఆ చిక్కు ఏమైనను ఉన్నదా?” అని నేనడిగితిని. అది సంస్థలు అమ్మిన సినిమా చక్రములకే గాని ఇంట చేసినవానికి లేదని అతడు చెప్పెను. ఆ చక్రములకు దేశములవారీగా అంకెలు వేసిరి. అమెరికా అంకె 1, మన దేశపు అంకె 5. ఒక అంకె చక్రము వేరొక అంకె ప్లేయరులో తిరుగదు.

మేమిట్లు మాటలాడుచుండగా, స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుండి వచ్చిన ఒక ముదుసలి, పంచె చెంగున ముడివేసిన రెండు వీసీడీలను తీసి బల్లమీద పెట్టెను. కూతురి పెండ్లివట. యజమాని మొదటిదానిని చూచి పక్కన పెట్టి, రెండవదానిని ట్యూబులైటునకు ఎదురుగా ఎత్తి పట్టుకొనగా, వెండి పూతలో సూదిమొనలంత చిల్లుల గుండ వెలుగు దూరి వచ్చుట నాకును కనబడెను. “పైన గీత పడ్డది తాతా. కింద పడితే రుద్ది తీస్తుంటి. పైన పోతే రసం పోయిన అద్దమే.” జనులు చక్రము అడుగు మెఱుపునే కాపాడుకొని పై ముఖమును నిర్లక్ష్యము చేయుదురు. కాని సీడీలో బొమ్మను మోయు పొర పై ముఖపు రంగు క్రిందనే కలదు. దానికి కాపు ఒక పలుచని లక్కపూత మాత్రమే. డీవీడీలోనైతే, 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల నడుమ ఆ పొర భద్రముగా నుండును. బాల్ పెన్నుతో పేరు వ్రాసికొన్నవారెందరో తమ పెండ్లిళ్ళను తామే గీరివేసికొన్నవారు.

అయినను అతడు ఆశ విడువలేదు. కంప్యూటరు ఫైళ్ళను మోయు సీడీలో, 2352 బైట్ల గడి ఒక్కొక్కదానిలో 2048 మాత్రమే సరుకునకు విడిచి, తక్కినది చాలవఱకు తప్పులు దిద్దుటకై ఉంచిరి. వీసీడీలో 2324 బైట్లు సరుకునకే ఇచ్చిరి, బొమ్మలో ఒక చుక్క చెదరినను చూచువాడు సైరించునను ధైర్యముతో. ఆ సైరణనే ఆధారముగా గొని, చెడిన గడులను దాటుకొనుచు చదువు సాధనముతో అతడు అరగంట శ్రమించెను. ముదుసలి బల్లపైకి వంగి “పుస్తె కట్టింది ఉన్నదా బిడ్డా?” అనెను. “ఉన్నది తాతా. అప్పగింతలే పోయినయి.” “అవి పోతే పోనీ. అప్పుడే మస్తు ఏడ్చినం.”

అటుపై నా పని. నల్లని కిటికీ నొకదానిని తెరచి, 2000లో ఫాబ్రిస్ బెల్లార్ ఆరంభించి ఉచితముగా లోకమునకిచ్చిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను సాధనమునకు ‘టార్గెట్ పాల్ డీవీడీ’ అని ఒక్క ఆజ్ఞ ఇచ్చెను. ఆ మూడు మాటలతో ఫోనులో 1920 చుక్కల వెడల్పును 1080 చుక్కల ఎత్తును గల బొమ్మ, 720 వెడల్పు 576 ఎత్తు గలదిగా దిగివచ్చును. లెక్క వేసి చూచితిని, సరిగా అయిదింట ఒక వంతు. అంత నష్టపోయినను, అది 352కు 288 చుక్కల వీసీడీకి నాలుగింతలు కలదు. అక్కయ్య టెలివిజనుకు అంతకు మించి అవసరమును లేదు. ఫోను వెలుతురు తగ్గినప్పుడు బొమ్మల సంఖ్య తగ్గించియు, హెచ్చినప్పుడు పెంచియు తీయును. ఈ పాల్ పద్ధతి డీవీడీకి సెకనునకు 25 బొమ్మలు ఖచ్చితముగా నుండవలెను. ఈ సవరింపులో శబ్దము వెనుకబడు ప్రమాదము గలదని, అతడు వీడియోలో పురోహితుడు గంట మ్రోగించిన చోటులు మూడింటిని ఏరి, గంట నాలుక అంచునకు తగులుటయు ధ్వని వినబడుటయు ఒక్కమారే జరుగుచున్నవో లేవో ఆపి ఆపి చూచెను. మూడవ గంట కొంచెము ఆలస్యమైనది. తల అడ్డముగా ఊపి, పని మొదటినుండి మరల ఆరంభించెను.

రెండవ మారు గంటలు సరిపడిన పిమ్మట, దానిని చక్రమునకు తగినట్లు అమర్చెను. వీడియో టీఎస్ అను పేటిలో బొమ్మలు శబ్దములు గల వీఓబీ ఫైళ్ళు, ఒక్కొక్కటి ఒక గిగాబైటు మించకుండ. ఎక్కడ నేమున్నదో తెలుపు ఐఎఫ్ఓ అను సూచిక. దాని ప్రక్క అదే పరిమాణముగల బీయూపీ అను మరియొక ఫైలు. అదేమని యడిగితిని. “సూచిక కాపీ సార్. మొదటిది ఖరాబైతే ప్లేయరు దీన్ని సదువుతది. చేసినోళ్ళకు తెల్వదా, గీతలు పడ్తయని?” నాలుగింతల వేగమునకు మించనీయక నెమ్మదిగా చక్రమును వ్రాయించి, ముగింపు ముద్ర వేయించి, నేను తెచ్చిన ప్లేయరులోనే ఆడించి చూపెను. తరువాత మెత్తని మార్కరుతో, ఆ యంత్రము చదువలేక గడులుగా చూపిన తెలుగు పేరును చక్రము నెత్తిన గుండ్రని అక్షరములతో వ్రాసి, రెండవ చక్రమొకటి చేసి, రెండును నా చేతికిచ్చెను. “ఒకటే అడిగితిని గదా” అంటిని. “ఒకటి ఆడనీకె, ఒకటి దాసనీకె సార్.”

ఒకప్పుడు ఈ ఖాళీ చక్రములను చేసి అమ్మిన ఢిల్లీ సంస్థ మోసర్ బేర్, 2007లో వీసీడీని 28 రూపాయలకే సినిమాతో సహా ఇంటింటికి చేర్చెను. అంతటి సంస్థను 2018లో మూసివేయుటకు ఉత్తరువైనది. ప్లేయర్లు అంగళ్ళనుండి తొలగుచున్నవి. వాని కన్నులు మబ్బు పట్టుచున్నవి. అయినను 1993 నాటి మాట ప్రకారము చేసిన చక్రము, ఆ మాట నేర్చిన యంత్రములో నేటికిని ఆడుచున్నది. నిన్న తీసిన ఫైలు నేడు ఆడకపోవుటయు నేను చూచితిని. అక్కయ్య యింట ఆ సాయంకాలము బియ్యము పరచిన పళ్ళెములో పసివాని వ్రేలు తొలి అక్షరము దిద్దుట చూచి, అమ్మలక్కలు రెండవ మారు కూడ వేయించుకొని చూచిరి.

పాఠకులలో ఎవరి బీరువాలోనైనను పెండ్లి చక్రమో, ఒగ్గుకథ చక్రమో, మేడారము జాతర చక్రమో ఉన్నచో, దానిని వెలుగునకు ఎత్తి చూచి, ఇంకను ఆడుచుండగానే రెండవ ప్రతి తీయించుకొనుడు.