దూరం ఎక్కువ, కాలం తక్కువ

దగ్గరి దారిని విడిచి చుట్టుదారి పట్టినవాడిని లోకం తెలివిగలవాడని అనదు. కాని ఢిల్లీకీ, అమెరికా పడమటి తీరాన ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోకూ నడుమగల ఆకాశమార్గంలో ఈ లోకన్యాయం తలక్రిందులయింది.

ఈ రెండు విమానాశ్రయాల నడుమ భూగోళం మీద దారం పట్టి కొలిస్తే దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఆ దారం హిమాలయాలనూ, టిబెట్టు పీఠభూమినీ దాటి, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి అమెరికా వైపు దిగుతుంది. విమానాలు మాత్రం టిబెట్టు మీదుగా పోవడానికి వెనుదీస్తాయి. విమానం లోపలి వాయుపీడనం హఠాత్తుగా పడిపోతే, ప్రయాణికుల ఊపిరి నిలపడానికి సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగిరావాలి. అక్కడ నేలయే అంతకంటె ఎత్తున ఉన్నది!

2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఈ నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానాన్ని ప్రారంభించింది. అది పడమరగా, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పోయేది. దూరం 13,900 కిలోమీటర్లు. కాలం సుమారు పదహారున్నర గంటలు. 2016 అక్టోబరులో అదే విమానాన్ని తూర్పుగా, జపాన్ మీదుగా పసిఫిక్ దాటించారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటలలో గమ్యం చేరింది!

ఈ వింతకు కారణం గాలి. తొమ్మిది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుల మధ్య పడమటి నుంచి తూర్పునకు మహావేగంతో గాలి ప్రవాహాలు సాగుతుంటాయి. జపాన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు వాసబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగురవేసి వీటి జాడ కనిపెట్టాడు. పడమరకు పోయే విమానం ఏటికి ఎదురీదుతుంది. తూర్పుకు పోయేది వాలున కొట్టుకుపోయే పడవ. లెక్క కడితే మొదటి దారిలో సగటు వేగం గంటకు సుమారు 840 కిలోమీటర్లు, రెండవ దారిలో 1,050.

గడియారం మరొక వినోదం చూపుతుంది. అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో కాలం మనకంటె పన్నెండున్నర గంటలు వెనుక. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి ఢిల్లీలో బయలుదేరి పద్నాలుగున్నర గంటలు ప్రయాణించినవారు, దినరేఖ దాటి, అదే ఆదివారం ఉదయం ఆరింటికి అక్కడ దిగుతారు.

ఆ విమానాశ్రయం సముద్రపు అఖాతం ఒడ్డునే ఉన్నది. చక్రాలు నేలను తాకే క్షణం వరకు కిటికీ నుంచి నీరే కనిపిస్తుంది. ఆ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. మనుమలను చూడవచ్చే తల్లిదండ్రులలో మోకాళ్ల నొప్పులున్న వృద్ధులెందరో. కదలడానికి వీలులేని ఆసనంలో రెండు గంటలు తగ్గడమంటే ఏమిటో వారికి తెలుసు. కిలోమీటర్లు ఎన్ని పెరిగాయని వారు అడగరు.