ఒలీవల కొండమీద మన అక్షరాలు

2023 ఫిబ్రవరిలో బెంగళూరు నుండి మా సంఘమువారితో కలిసి యెరూషలేము యాత్రకు వెళ్ళాము. ఒకనాటి ఉదయం బస్సు మమ్ములను ఒలీవల కొండమీద దింపింది. అక్కడ పాటర్ నోస్టర్ అనే దేవాలయమున్నది. ప్రభువు శిష్యులకు ప్రార్థన నేర్పిన చోటు అదేనని పూర్వమునుండి నమ్మకం. 4వ శతాబ్దిలో కట్టిన గుడి 614లో పారశీకుల దండయాత్రలో పాడైపోగా, ఇప్పటిది 19వ శతాబ్దిలో లేచినదట. గోడలనిండా పింగాణీ పలకలు; నూరు భాషలకు పైగా, అన్నింటిలోనూ ఆ ప్రార్థనే.

అందరమూ తెలుగు పలకకోసం వెదుకుతున్నాము. ఇంతలో మా అమ్మాయి ఒకచోట ఆగి, "నాన్నా, ఇది కన్నడంలా ఉంది గాని, చదివితే అర్థం కావటంలేదు" అన్నది.

అది తెలుగే! రోజూ పడుకోబోయేముందు తప్పులేకుండా అప్పజెప్పే ప్రార్థనే. మాకు తల కొట్టేసినట్లయింది. తప్పు బిడ్డది కాదు. నోటికి నేర్పినవాళ్ళం కంటికి నేర్పలేదు.

నాయనమ్మ దాన్ని దగ్గరకు తీసుకొని, ఒక్కొక్క అక్షరమే వ్రేలితో చూపుతూ చదివించింది. సగానికి వచ్చేసరికి పిల్ల తనంతట తానే అందుకొన్నది.

ఆ మధ్యాహ్నం గెత్సేమనే తోట చూచాము. కాని మనస్సు ఆ పలక దగ్గరే ఉన్నది. ఇంటికి వచ్చి మొదట కొన్నది పెద్దబాలశిక్ష.