పుండు మీద పాచి

మా నాన్న కుడికాలి బొటనవేలి కింద పుండు నాలుగు నెలలైనా మానలేదు. చెప్పు ఒరుసుకుని మొదలైంది. పదిహేనేళ్లుగా షుగర్ ఉండటంతో పాదాల్లో స్పర్శ తగ్గి, నొప్పే తెలియలేదాయనకి. యాంటీబయాటిక్ కోర్సులు రెండు అయ్యాయి. అమ్మ భయం ఒక్కటే: "వేలు తీసేస్తారేమోరా!"

డ్రెస్సింగ్‌కి వెళ్లినప్పుడల్లా డాక్టర్ పుండుని గీకి శుభ్రం చేసేవారు. రక్తం వచ్చేది. "మానాల్సినదాన్ని మళ్లీ రేపుతారేంటి?" అని అమ్మ గొడవ. "పైన బయోఫిల్మ్ ఉందమ్మా, అది పోవాలి" అన్నారాయన. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

బ్యాక్టీరియా అంటే విడివిడిగా తిరిగేవే అనుకుంటాం. మానని పుండులో స్టెఫిలోకాకస్, సూడోమోనాస్ లాంటివి గుంపులుగా అతుక్కుని, చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. అదే బయోఫిల్మ్. పొద్దున్నే పళ్లమీద ఉండే పాచి కూడా అలాంటిదే. 2017లో వచ్చిన ఒక సమీక్షలో దీర్ఘకాలిక పుండ్లలో దాదాపు 78 శాతంలో ఇది కనిపించింది.

ఆ పొరలోకి మందు సరిగా దిగదు. లోపల కొన్ని బ్యాక్టీరియా దాదాపు నిద్రలో ఉంటాయి. చురుగ్గా పెరిగేవాటిని చంపే మందులు వాటిని పెద్దగా ఏమీ చేయలేవు. తెల్ల రక్తకణాలు వచ్చి పోరాడతాయి. కానీ అవి వదిలే ఎంజైములు కొత్తగా పుడుతున్న మన కణజాలాన్నే దెబ్బతీస్తాయి. పుండు వాపు దగ్గరే ఆగిపోతుంది.

పాచిపళ్లకి పుక్కిలిస్తే చాలదు, తోమాలి. తోమినా మర్నాటికి మళ్లీ పడుతుంది. పుండులోనూ అంతే, రెండు మూడు రోజుల్లో పొర మళ్లీ కడుతుంది. లేతగా ఉన్నప్పుడే మందు బాగా పనిచేస్తుంది. అందుకే పదేపదే గీకడం. అది డాక్టర్ పని, ఇంట్లో బ్లేడుతో చేసేది కాదు.

అలాగని బ్యాక్టీరియా అన్నీ శత్రువులు కావు. ఆల్కాలిజెనిస్ ఫీకాలిస్ అనేది షుగర్ ఉన్న ఎలుకల్లో పుండు మానడానికి సాయం చేస్తోందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో చూపించారు. ఇన్ఫెక్షన్ లక్షణాలు లేని పాదం పుండుకి యాంటీబయాటిక్ వద్దనే వైద్య మార్గదర్శకాలూ చెబుతున్నాయి.

బ్యాక్టీరియా ఒక్కటే కారణమూ కాదు. షుగర్ అదుపు, రక్త ప్రసరణ, పాదం మీద బరువు పడకపోవడం, అన్నీ కలిసిరావాలి. నాన్నకి ప్రత్యేకమైన చెప్పులు ఇచ్చారు. పుండు ఇప్పుడు కందిబద్దంత అయింది. వేలు ఉంది.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే, రాత్రి రీల్స్ ఆపి ఫోన్ టార్చ్‌తో వాళ్ల అరికాళ్లు ఓసారి చూడండి. చిన్న పుండు కనిపించినా మెడికల్ షాపు పౌడర్‌తో సరిపెట్టకండి.